ఓడితే ఒక పాయింటు

ఐర్లాండ్‌లో కాలేజీ కుర్రాళ్ళ బాస్కెట్‌బాల్ లీగుకి రికార్డులు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యానంటే మనవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత, "అది సరే అంకుల్, అసలు ఉద్యోగం ఏంటి?" అంటారు. చర్చి బయట కార్ల దగ్గర ఈ ప్రశ్నకి ఎన్నిసార్లు జవాబు చెప్పానో ఆ దేవుడికే తెలియాలి. మా ఆవిడ లిమరిక్‌లో నర్సు. ఆవిడ ఉద్యోగం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నా సంగతి వచ్చేసరికి ఆవిడే కల్పించుకుని, "కాలేజీల ఆఫీసులో చేస్తార్లెండి" అని మాట మార్చేసేది.

నేను తెనాలి వైపు ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి, ఆవిడ వెనకాలే ఇక్కడికి వచ్చినవాణ్ణి. కొన్నాళ్ళు వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలు మోశాను. ఆ తర్వాత ఈ ఆఫీసులో పడ్డాను. ఇప్పుడు నా కుర్చీలోకి ఒక అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. నేను వారమంతా కూర్చుని చేసే లెక్క, టీ చల్లారేలోపు చేసి చూపిస్తుంది. ఆ పిల్ల కోసమూ, ఇలాంటి పనుల్లోకి వచ్చే మిగతా వాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి ఏమీ రాయను. నాకు రాలేదు కాబట్టి రాయడానికేమీ లేదు.

పని ఏమిటంటే

ప్రతి శనివారం ఒక్కో హాలు నుంచి స్కోర్లు వస్తాయి. వాటిని బట్టి ఏ కాలేజీ పైన, ఏ కాలేజీ కింద అన్నది పట్టికలో పెట్టాలి. దానితోపాటు వెనకటి చరిత్ర కూడా కాపాడుకోవాలి. ఒక మ్యాచ్‌లో ఎక్కువ కొట్టిందెవరు, వరసగా ఎక్కువ గెలిచిందెవరు, ఎవరి చేతిలో ఎవరు ఎంత చిత్తుగా ఓడారు, ఇవన్నీ. చదవడానికి ఎవరూ ఉండరు. కానీ ఒక్క అంకె తప్పితే మాత్రం, అంతవరకూ ఎక్కడున్నాడో తెలియని ఒక మాజీ ఆటగాడు ఎక్కణ్ణుంచో ఫోన్ చేసి తిడతాడు.

ఇది హాకీలా కర్రలతో ఆడే హర్లింగ్ దేశం, రగ్బీ దేశం. హర్లింగ్ ఫైనల్ రోజున రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. మా ఫైనల్ రోజున హాల్లో ఉండేది ఆటగాళ్ళు, వాళ్ళ అమ్మలు, స్కోరు రాసే బల్ల దగ్గర మేము. అయినా మా లీగుని కాన్ఫరెన్స్ అనాలి. అమెరికా కాలేజీల్లో అలా అంటారని మా బాసు ఆ పేరు పెట్టించాడు.

ఒక్క నిబంధన మాత్రం కొత్తవాళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. గెలిస్తే రెండు పాయింట్లు. ఓడితే ఒకటి. అసలు ఆటకే రాకపోతే సున్నా. "ఓడినవాడికి పాయింటేంటండీ, చోద్యం కాకపోతే!" అని మా బావమరిది ఫోన్లో గంటసేపు నవ్వాడు. నవ్వనీండి. వానలో బస్సెక్కి, ఊరు కాని ఊరు వెళ్ళి, చితక్కొట్టించుకుని, తిరిగొచ్చి మర్నాడు క్లాసుకి వెళ్ళేవాడికి ఒక పాయింటు ఇస్తే తప్పేమిటో నాకు ఇవాళ్టికీ అర్థం కాదు.

ఇరవై–సున్నా

రాని జట్టు మీద ఎదుటి జట్టు ఇరవై–సున్నాతో గెలిచినట్టు రాస్తాం. దీన్ని ఇక్కడ వాకోవర్ అంటారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఐరిష్ వాళ్ళు మహా మర్యాదస్తులు. ఎవరినీ ఇబ్బంది పెట్టరు, తామూ ఇబ్బంది పడరు. దాంతో ఒక ఆచారం పుట్టుకొచ్చింది. ఒక కోచ్ ఇంకో కోచ్‌కి ఫోన్ చేసి, ఇంత దూరం ఎందుకు, ఈసారి మేం రాము, రెండోసారి మీరు రాకండి, సరికి సరి అంటాడు. అవతలివాడు గ్రాండ్ అంటాడు, ఇక్కడ సరే అనడానికి అదే మాట. ఇద్దరూ శనివారం హాయిగా పడుకుంటారు. నా పట్టికలో మాత్రం రెండు హోరాహోరీ పోరాటాలు నమోదవుతాయి.

నేను చేరిన కొత్తల్లో పాత లెక్కలన్నీ ముందేసుకుని కూర్చుంటే ఒక గొప్ప సంగతి బయటపడింది. ఒకదానితో ఒకటి సరిసమానంగా పోటీపడ్డ కాలేజీలు ఏవా అని చూస్తే, దేశానికి ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి తేలాయి. ఏళ్ళ తరబడి చెరి సగం గెలుపులు. మా బాసు పొంగిపోయి, ఈ చరిత్రాత్మకమైన పోటీకి ఒక కప్పు పెడదామన్నాడు. విందుకి ఒక మాజీ కెప్టెన్ని పిలిచి, అవతలి వాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పమన్నాడు. పాపం ఆ మనిషి లేచి నిలబడి, వాళ్ళు చాలా మంచివాళ్ళని విన్నాను, ఎప్పుడూ చూడలేదు అన్నాడు. అన్నీ ఇరవై–సున్నాలే మరి.

కప్పు ఇప్పటికీ ఆఫీసులో ఉంది. మేం అందులో పెన్నులు వేసుకునేవాళ్ళం.

ఫెర్గస్

మా బాసు పేరు ఫెర్గస్. కాన్ఫరెన్స్ సెక్రటరీ. వయసులో నాకంటే చిన్నవాడు, ఎత్తులో నాకు రెండింతలు. మనసులో కపటం లేదు. ఎవరింట్లో ఎవరు పోయినా ముందు కబురందేది అతనికే, ముందు వెళ్ళేదీ అతనే. లోపమల్లా ఒక్కటే. అతనికి రికార్డుల పిచ్చి. ఆట అంటే ప్రేమ అనుకునేరు, కాదు. ఆట మధ్యలో ఫోన్ చూసుకునేవాడు. "అత్యధికం", "మొట్టమొదటి", "ఇంతవరకూ లేని" అన్న మాటల్లో ఏదైనా వినపడితే చాలు, కుర్చీలోంచి లేచేవాడు.

లీగు వార్షికోత్సవం వస్తోందని ఒక పుస్తకం వేయాలనుకున్నాడు. అందులో రికార్డులు ఉండాలి. కానీ మా దగ్గర కొత్త రికార్డు పుట్టి చాలా కాలమైంది. ప్రతి సోమవారం పొద్దున్నే నా బల్ల దగ్గరికొచ్చి, "ఏమైనా విరిగిందా, ప్రసాద్?" అని రికార్డుల గురించి అడిగేవాడు. ఒక కుర్రాడికి చెయ్యి విరిగింది ఫెర్గస్ అంటే, నిరాశగా వెళ్ళిపోయేవాడు.

కొత్తవాళ్ళకి నా మాట: బాసుకి ఏది ఇష్టమో మొదటి నెలలోనే కనిపెట్టండి. కాకా పట్టడానికి చెప్పడంలేదు. ఎప్పుడో ఒకరోజు ఇంకొకరి కోసం పనికొస్తుంది.

మేరీ రాణి

డ్రోహెడాలో ఒక చిన్న కాలేజీ ఉంది. దాని జట్టుకి కోచ్ మన మనిషి. పేరు మేరీ రాణి. అక్కడి ఆసుపత్రిలో నర్సు. పెళ్ళికి ముందు గుంటూరులో యూనివర్సిటీ జట్టుకి ఆడింది. ఆవిడ వార్డుకి ట్రైనింగుకి వచ్చే నర్సింగ్ కుర్రాళ్ళు, అమ్మాయిల మధ్య బెరుగ్గా, ఎవరితోనూ కలవకుండా మూలన కూర్చుని టీ తాగడం చూసి, వాళ్ళ కాలేజీకి వెళ్ళి, హాలు సాయంత్రాలు ఖాళీగా ఉంటుంది కదా అని అడిగి, జట్టు కట్టింది. జీతం లేదు. ట్రాక్‌సూట్ ఇచ్చారు, అదీ మగవాళ్ళ సైజు.

జట్టు గొప్పగా ఆడేదని అబద్ధం చెప్పను. నైటు డ్యూటీలు చేసి వచ్చే పిల్లలు ఏం ఆడతారు? ఉన్నవాళ్ళలో కాస్త చేయి తిరిగినవాడు నేవన్ నుంచి వచ్చే శామ్యూల్. మన తెలుగు నర్సు కొడుకే. మనం తెలుగులో అడిగితే వాడు మీత్ జిల్లా యాసలో ఇంగ్లీషులో చెప్తాడు. ఆ జట్టు వారం వారం ఓడేది. కానీ ఒక్కసారి కూడా రాకుండా ఉండలేదు. సరికి సరి బేరానికి ఎవరైనా ఫోన్ చేస్తే మేరీ రాణి, "థాంక్యూ అండీ, మేం వస్తాం" అని పెట్టేసేది. ఆవిడ వల్ల అవతలి వాళ్ళ శనివారాలు కూడా పాడయ్యేవి. ఆవిడంటే కోచ్‌లకి ఒళ్ళుమంట.

నేను ఉద్యోగం చేసిన చివరి సీజన్లో కాన్ఫరెన్స్ ఒక నిర్ణయం తీసుకుంది. అట్టడుగున నిలిచిన కాలేజీని తీసేసి, బయట కాచుకున్న ఇంకో కాలేజీని చేర్చుకుంటారు. డ్రోహెడా కాలేజీ వాళ్ళు కూడా మేరీ రాణికి సంగతి చెప్పేశారు. లీగులో చోటు పోతే హాలు ఇవ్వం, ఫుట్‌బాల్ వాళ్ళు అడుగుతున్నారు అని.

ఆఖరి వారానికి లెక్క ఇలా ఉంది. డ్రోహెడా, ఇంకో కాలేజీ పాయింట్లలో సమానం. ఆ కాలేజీకి మ్యాచ్‌లు అయిపోయాయి. మన వాళ్ళకి ఒకటి మిగిలింది, అది లిమరిక్‌లో, పట్టికలో అందరికంటే పైనున్న జట్టుతో. సమానంగా ఉండిపోతే, ముఖాముఖిలో ఓడిపోయారు కాబట్టి మన వాళ్ళే కింద. గెలవడం కల్లో మాట. కానీ వచ్చి, ఆడి, ఓడిపోతే చాలు. ఆ ఒక్క పాయింటుతో ఒక మెట్టు పైన నిలుస్తారు.

ఆ వారం మేరీ రాణి ఫోన్ చేసింది. "అన్నయ్యా, వందనాలు" అంది. చర్చి వాళ్ళం కదా, మా పలకరింపు అదే. లెక్క సరిగ్గా అర్థమైందో లేదో నా నోట వినాలని చేసింది. చెప్పాను. లెక్కంతా ఒకసారి నాకు తిరిగి అప్పజెప్పింది. తర్వాత అంది, "ఈ దేశంలో నా చేత్తో నేను కట్టుకున్నది ఇదొక్కటే, అన్నయ్యా. ఇల్లు కూడా అద్దెదే."

నేను ఏదో ధైర్యం చెప్పి పెట్టేశాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఒక మంచివాడు చేసిన పని

శనివారం పొద్దున్న గాలీవానా మొదలైంది. పడమటి జిల్లాలకి ఆరెంజ్ వార్నింగ్ ఇచ్చారు. నేను ఇంట్లో ఇడ్లీ తింటూ ఫోన్లో పట్టిక తెరిచాను. డ్రోహెడా అట్టడుగున ఉంది. ఆఖరి మ్యాచ్ ఎదురుగా ఇరవై–సున్నా, వాకోవర్.

నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి ఈవిడ కూడానా అనుకున్నాను. ఫోన్ చేస్తే ఎత్తదు. మళ్ళీ చేశాను, ఎత్తదు. ముఖం చెల్లక ఎత్తడంలేదనుకుని ఇంకా కోపం తెచ్చుకున్నాను. ఆఫీసుకి ఫోన్ చేస్తే ఫెర్గస్ సంగతి చెప్పాడు. డ్రోహెడా కాలేజీలో క్రీడల వ్యవహారాలు చూసే డెక్లన్ పొద్దున్నే మెయిల్ పెట్టాడట. ఈ తుఫానులో పిల్లల్ని దేశం ఈ చివర్నించి ఆ చివరికి పంపడం ఎందుకు, మేం రాము అని. ఫెర్గస్ వెంటనే సైట్లో పెట్టేశాడు.

డెక్లన్ నాకు తెలుసు. ఈగకి కూడా హాని తలపెట్టడు. అతను చేసింది ఏమిటో తర్వాత అతని నోటే విన్నాను. ఎలాగూ ఓడతారు, యాభై తేడాతో ఓడేకన్నా ఇరవైతో పోతే పరువుగా ఉంటుంది, తడవడం తప్పుతుంది, పిల్లలకి శనివారం కలిసొస్తుంది అనుకున్నాడట. ఈ లీగులో పెరిగినవాడికి తప్ప ఆ ఆలోచన రాదు. ఓటమికి పాయింటుందన్న సంగతే అతనికి తెలియదు. పట్టిక ఎప్పుడూ చూడలేదట, చూస్తే బాధేస్తుందని.

అప్పటికే మేరీ రాణి దారిలో ఉంది. నైటు డ్యూటీ దిగి, అదే డ్యూటీ దిగిన అయిదుగురు కుర్రాళ్ళని ఆసుపత్రి పార్కింగులోంచే తన ఏడు సీట్ల బండిలో ఎక్కించుకుని బయల్దేరింది. వెనకోసారి ఫోన్ పట్టుకుని నడుపుతోందని గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి ఫైన్ వేశారు. అప్పట్నించీ బండెక్కితే ఫోన్ బ్యాగులో పడేస్తుంది. వెనక సీట్లలో పిల్లలంతా నిద్ర.

నాకు ఇవేమీ తెలియవు. తెలియకుండానే కోటు వేసుకుని హాలుకి బయల్దేరాను. ఎందుకంటే చెప్పలేను. ఇంట్లో కూర్చోలేకపోయాను, అంతే.

హాల్లో

హాలు ముందు బండి ఆగి ఉంది. మేరీ రాణి వానలో దిగి, ఆ మగవాళ్ళ ట్రాక్‌సూట్ చేతులు పైకి మడుచుకుంటోంది. నన్ను చూసి నవ్వుతూ, "వచ్చేశాం అన్నయ్యా, టైముకి ముందే" అంది. ఆవిడకి ఇంకా ఏమీ తెలియదని ఆ నవ్వు చూస్తేనే అర్థమైంది. సంగతి చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆవిడ బ్యాగులోంచి ఫోన్ తీసి డెక్లన్ మెసేజీలు చదివింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఫోన్ మళ్ళీ బ్యాగులో వేసి, "ఎవరితో మాట్లాడాలి?" అంది.

హాలు పై అంతస్తులో ఉన్న మా ఆఫీసు నుంచి ఫెర్గస్‌ని కిందికి పిలిచాను. మా అదృష్టం కొద్దీ రిఫరీ ఒకాయన ఫోన్ చూసుకోకుండా వచ్చేసి కింద కాఫీ తాగుతున్నాడు. ఆతిథ్య జట్టు కోచ్ బంతులు సర్దుకుంటున్నాడు. అతని కుర్రాళ్ళు పక్క వీధుల్లోనే అద్దెకుంటారు, ఇంకా పక్కల మీద నుంచి లేచి ఉండరు. ఫెర్గస్ వచ్చి, చాలా బాధపడుతూనే, "అయిపోయిందమ్మా. మీ కాలేజీ రాసిచ్చింది. సైట్లో కూడా పెట్టేశాం" అన్నాడు. సైట్లో పెట్టింది బైబిల్లో రాసినట్టే అతని దృష్టిలో.

మేరీ రాణి గొంతు పెంచలేదు. "రాసిచ్చినాయన ఆడరు సార్. ఆడేవాళ్ళు బయట బండిలో ఉన్నారు. మేం వచ్చాం. మమ్మల్ని ఓడించండి, వెళ్ళిపోతాం."

ఫెర్గస్ ముఖం ఎర్రబడింది. జాలిపడ్డాడు, కానీ కదల్లేదు. ఒకసారి ప్రకటించాక వెనక్కి తీసుకోవడమంటే అతనికి ప్రాణసంకటం. నిబంధనలు తిరగేసి వాదిద్దామా అనుకున్నాను. నిబంధనలతో గెలిచినవాణ్ణి ఈ ఉద్యోగంలో నేను చూడలేదు. అందుకని ఇంకో దారి పట్టాను.

"ఫెర్గస్, ఒక్క మాట. వచ్చింది అయిదుగురే. మార్చుకోవడానికి ఆరోవాడు లేడు. రాత్రంతా డ్యూటీ చేసి, అన్నం లేకుండా వచ్చారు. మనకి అత్యధిక తేడా రికార్డు ఎంత?"

అంకె అతనికి కంఠతా వచ్చు. తల తిప్పి కిటికీ అద్దంలోంచి బండి వైపు చూశాడు. లోపల శామ్యూల్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

ఆవిడ ఎదుటే అలా అన్నందుకు నాకు సిగ్గేసింది. మేరీ రాణి ఒక్క క్షణం నా వంక చూసింది. తెలివైన మనిషి, ఇట్టే పట్టేసింది. "అవును సార్, బాగా అలిసిపోయి ఉన్నాం" అంది. ఆగి, "ఒకడికి మోకాలు కూడా బాలేదు" అని చేర్చింది.

ఫెర్గస్ గొంతు సవరించుకున్నాడు. ఇంత దూరం వచ్చిన పిల్లల్ని ఊరికే పంపడం క్రీడాస్ఫూర్తి అనిపించుకోదు అన్నాడు. అయిదు నిమిషాల్లో తనే వీధుల వెంట పడి ఆతిథ్య జట్టుని నిద్రలేపడానికి వెళ్ళాడు.

ఆట గురించి చెప్పుకోవడానికేమీ లేదు. ఊచకోత. మన పిల్లలు పరిగెత్తలేక నడిచారు, నడవలేక నిలబడ్డారు. మేరీ రాణి మాత్రం గెలిచే మ్యాచ్‌లో ఉన్నట్టే పక్కన నిలబడి ఒక్కొక్కణ్ణీ పేరుపెట్టి పిలుస్తూనే ఉంది. ఫెర్గస్ నా బల్ల పక్కనే కూర్చుని తేడా లెక్కపెట్టుకుంటున్నాడు. ఆఖరి నిమిషాల్లో రికార్డు దాటగానే లేచి చప్పట్లు కొట్టాడు. నూట పద్ధెనిమిది–ముప్ఫై ఒకటి.

విజిల్ పడగానే మన అయిదుగురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కావలించుకున్నారు. శామ్యూల్ నేల మీద పడుకుని కాళ్ళు కొట్టుకుంటూ నవ్వుతున్నాడు. మేరీ రాణి అప్పుడు ఏడ్చింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వీళ్ళెందుకు సంబరపడుతున్నారు?" అని ఫెర్గస్ నన్నడిగాడు. ఒక పాయింటొచ్చింది అన్నాను.

సోమవారానికి అట్టడుగుకి జారిన ఆ రెండో కాలేజీ ఫిర్యాదు పెట్టింది. వాకోవర్ ప్రకటించాక ఆడిన మ్యాచ్ చెల్లదని. న్యాయంగా చూస్తే వాళ్ళ మాటలో పస ఉంది. నేను భయపడ్డాను. కానీ మ్యాచ్ చెల్లకపోతే రికార్డు చెల్లదు కదా. కమిటీలో ఫెర్గస్ ఆ మ్యాచ్ కోసం కన్నబిడ్డ కోసం కొట్లాడినట్టు కొట్లాడాడు. రిఫరీ ఉన్నాడు, రెండు జట్లూ ఉన్నాయి, ఆట జరిగింది, ఇంకేం కావాలి అని బల్ల గుద్దాడు. నేను నోరెత్తాల్సిన అవసరమే రాలేదు. మ్యాచ్ నిలబడింది.

రెండు గోడలు

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు రికార్డులు నిజం చెప్తాయా అని నన్నడుగుతారు. అంకెలు నిజమే చెప్తాయి. దేని గురించి చెప్తున్నాయన్నది మాత్రం ఎవరికి వాళ్ళు అనుకోవాల్సిందే. ఇంతకంటే పెద్ద జ్ఞానం నాకు ఒంటబట్టలేదు.

ఆ స్కోరు షీటు ప్రతులు రెండు కాలేజీలూ అడిగి తీసుకున్నాయి. లిమరిక్‌లో గెలిచినవాళ్ళు దాన్ని బంగారు రంగు ఫ్రేములో, గాజు బీరువాలో పెట్టుకున్నారు. కింద ఫెర్గస్ స్వయంగా రాయించిన పలక ఉంది, కాన్ఫరెన్స్ చరిత్రలో అత్యధిక తేడా అని.

రిటైరయ్యాక ఒకసారి పనిమీద డ్రోహెడా వెళ్ళి, ఆ కాలేజీ హాల్లోకి తొంగిచూశాను. మేరీ రాణి ప్రాక్టీసు చేయిస్తోంది. గోడ మీద అదే షీటు, నల్ల ఫ్రేములో. పలకలేమీ లేవు. ఆ రోజే చేరిన ఒక కుర్రాడు దాని ముందు నిలబడి, రెండు అంకెలూ చూసి, గోడకి పెట్టారంటే గెలిచిందే అనుకున్నాడు కాబోలు. నూట పద్ధెనిమిది మీద వేలు పెట్టి, ఇది మనమేనా అని అడిగాడు.

"కాదు నాన్నా, అది ఇంట్లో ఉన్నవాళ్ళది," అంది మేరీ రాణి. వాడి వేలు పట్టుకుని ముప్ఫై ఒకటి మీదికి జరిపింది. "వెళ్ళినవాళ్ళం మనం."